యూనిట్ – 7: నమూనాల తయారీకి ఇంట్లో చేసుకోదగిన నునుపు పనిముట్లు

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 ప్రస్తావన
7.2 గరుకు కాగితం పనిచేసే తీరు
7.3 చేతి పనిముట్లు
7.4 చక్రం సాండర్
7.5 మందం సాండర్
7.6 దుమ్ము – జాగ్రత్తలు
7.7 సారాంశం
7.8 మీ ప్రగతిని తెలుసుకోండి – సమాధానాలు
7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• గరుకు కాగితం నంబర్ల అర్థాన్ని, వాటిని వాడవలసిన క్రమాన్ని వివరించగలుగుతారు;
• గాజు పలక, దిమ్మె, రుద్దుడు పీట వంటి చేతి పనిముట్లను స్వయంగా తయారుచేసుకోగలుగుతారు;
• చక్రం సాండర్, మందం సాండర్ పనిచేసే సూత్రాలను లెక్కలతో సహా చెప్పగలుగుతారు;
• కొయ్య దుమ్ము వల్ల కలిగే హానిని గుర్తించి, తగిన జాగ్రత్తలు తీసుకోగలుగుతారు.

7.1 ప్రస్తావన

గత యూనిట్‌లో కొయ్యను కోయడం గురించి తెలుసుకున్నాం. కోసిన ముక్కను కావలసిన కొలతకు, కావలసిన కోణానికి తీసుకురావడం ఈ యూనిట్‌లోని విషయం. ఈ దశలో జరిగే చిన్న పొరపాటు ఎంత పెద్దదో ముందుగా ఒక లెక్కతో చూద్దాం.

గోదావరి మీద తిరిగే ఒక కొయ్య పడవకు 1:48 నిష్పత్తిలో నమూనా చేస్తున్నామనుకోండి. అసలు పడవలో పలక మందం 48 మిల్లీమీటర్లయితే, నమూనాలో అది 1 మి.మీ. అవుతుంది. రుద్దేటప్పుడు ఒక చోట పావు మిల్లీమీటరు ఎక్కువ అరిగిపోయిందనుకుందాం. అసలు పడవలో అది 12 మి.మీ. లోటుకు సమానం. అంటే పలక మందంలో నాలుగో వంతు పోయినట్లే. కోతలో కాస్త ఎక్కువ మిగిలితే తరువాత తీసేయవచ్చు. అరిగిపోయినదాన్ని తిరిగి తేలేము.

మంచి యంత్రం కొంటేనే ఇంత కచ్చితత్వం వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కృష్ణా తీరాన కొండపల్లి కళాకారులు తెల్ల పొణికి కొయ్యను ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. విడివిడిగా చేసిన భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ పనిముట్లు సాదా పనిముట్లే. అయితే ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఆ బొమ్మల మీద మక్కు, రంగులు ఉంటాయి కాబట్టి చిన్న లోపాలు కప్పబడతాయి. పడవ నమూనాలో చాలాసార్లు కొయ్య రంగు లేకుండా బయటికే కనబడుతుంది. కనుక మన పనిముట్లు సాదావైనా, వాటి ఉపరితలం మాత్రం నిర్దుష్టంగా ఉండాలి.

7.2 గరుకు కాగితం పనిచేసే తీరు

గరుకు కాగితం, అంటే వాడుకలో సాండ్‌పేపర్, నిజానికి వేలాది చిన్న ఉలుల సమూహం. కాగితం మీద అతికించిన ప్రతి రేణువూ కొయ్య నుంచి ఒక సన్నని పోగును గీరి తీస్తుంది. కాగితం వెనుక ముద్రించిన నంబరు పెరిగేకొద్దీ రేణువు చిన్నదవుతుంది. పి అక్షరంతో మొదలయ్యే ప్రమాణంలో రేణువుల సగటు పరిమాణం సుమారుగా ఇలా ఉంటుంది:

పి 80 – 200 మైక్రాన్లు
పి 120 – 125 మైక్రాన్లు
పి 240 – 58 మైక్రాన్లు
పి 400 – 35 మైక్రాన్లు

ఒక మిల్లీమీటరులో 1000 మైక్రాన్లు ఉంటాయి. 80 నంబరు చేసిన లోతైన గీతలను 400 నంబరు తీసేయలేదు. వాటి గట్లను మాత్రం మెరిపిస్తుంది. వార్నిష్ పూసినప్పుడు ఆ గీతలన్నీ బయటపడతాయి. అందువల్ల 80, 120, 240, 400 అనే మెట్ల క్రమాన్ని పాటించాలి. ముందు నంబరు గీతలు పూర్తిగా పోయిన తరువాతనే తరువాతి నంబరుకు వెళ్ళాలి. చివరి నంబర్లతో ఎప్పుడూ కొయ్య నార వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దితే నార తెగి, గీతలు స్పష్టంగా కనబడతాయి.

ఇక ఈ యూనిట్‌కు మూలసూత్రం ఇది: కాగితానికి తనదైన ఆకారం లేదు. దాని వెనుక ఏ ఆకారం ఉంటే, ఆ ఆకారాన్నే అది కొయ్యకు ఇస్తుంది. వెనుక గాజు ఉంటే కొయ్య చదునవుతుంది. వెనుక వేళ్ళుంటే కొయ్య మీద వేళ్ళ గుంటలు పడతాయి. నేను చేసిన తొలి పడవ నమూనాలో ఈ సంగతి తెలియక, కాగితాన్ని మడిచి వేళ్ళతోనే రుద్దాను. చేత్తో తడిమితే నునుపుగానే అనిపించింది. వార్నిష్ పూసి కిటికీ దగ్గర పెట్టగానే, పడవ ప్రక్క అంతా అలలు అలలుగా కనబడింది. మూడు నెలల పని మళ్ళీ మొదటికి వచ్చింది. నునుపు వేరు, చదును వేరు. వేలికి మొదటిది తెలుస్తుంది, రెండవది తెలియదు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
80 నంబరు కాగితం తరువాత నేరుగా 400 నంబరు వాడితే ఏమవుతుంది?

7.3 చేతి పనిముట్లు

అ) గాజు పలక: ఇంట్లో సులభంగా సమకూర్చుకోగల చదునైన వస్తువు గాజు. అద్దాల దుకాణంలో 6 మి.మీ. మందం, సుమారు 300 × 200 మి.మీ. కొలత గల ముక్క తీసుకుని, అంచులు మొద్దు చేయించండి. దాన్ని సమతలమైన బల్ల మీద ఉంచాలి. కింద ఎత్తుపల్లాలుంటే గాజు కూడా కొంచెం వంగుతుంది. రెండు వైపులా అంటుకునే టేపుతో కాగితాన్ని ముడతలు లేకుండా అతికించండి. ఇక్కడ కాగితం కదలదు. ముక్కనే దాని మీద కదపాలి. ఇదే పలక మీద సన్నని కాగితం అతికించి ఉలి పదును కూడా పెట్టుకోవచ్చు.

ఆ) దిమ్మెలు, పుల్లలు: అల్యూమినియం కిటికీలు చేసే షాపులో మిగిలిపోయిన గొట్టం ముక్కలు దొరుకుతాయి. ముందుగా గాజు పలక మీద ఆనించి, ఊగని ముక్కను ఎంచుకోండి. దాని నాలుగు ముఖాల మీద నాలుగు నంబర్ల కాగితాలు అతికిస్తే ఒకే దిమ్మె నాలుగు పనులు చేస్తుంది. ఇరుకు చోట్లకు ఐస్‌క్రీం పుల్లలు సరిపోతాయి. లోపలి వంపులకు, వంపు కన్నా కొంచెం చిన్న వ్యాసం గల పి.వి.సి. గొట్టం ముక్కకు కాగితం చుట్టి వాడాలి.

ఇ) రుద్దుడు పీట: అంచును సరిగ్గా 90 డిగ్రీలకు తేవడానికి ఇది అవసరం. ఒక చదునైన అడుగు పలక మీద 6 మి.మీ. ప్లైవుడ్ ముక్కను మెట్టులా అతికించండి. మెట్టు అంచుకు మూలమట్టంతో సరిచూసి, అడ్డంగా ఒక ఆపుడు పట్టీ బిగించండి. ముక్కను పట్టీకి ఆనించి, దాని అంచు మెట్టు దాటి వెంట్రుకవాసి బయటికి వచ్చేలా పట్టుకోవాలి. ప్రక్క ముఖానికి కాగితం అతికించిన దిమ్మెను అడుగు పలక మీద జరుపుతూ ఆ అంచును రుద్దాలి. దిమ్మె ముఖంలో కింది 6 మి.మీ. మేర కాగితం అతికించకూడదు. ఆ ఖాళీ భాగం మెట్టు అంచును తాకగానే కోత దానంతట అదే ఆగిపోతుంది. మెట్టు కూడా అరగదు.

ఈ) లంబకోణ పరీక్ష: పీట సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన కొలత సాధనం అక్కరలేదు. రెండు ముక్కల అంచులను పీట మీద రుద్దండి. రెండింటి పై ముఖాలూ పైకే ఉండేలా గాజు మీద పెట్టి, రుద్దిన అంచులను ఒకదానికొకటి ఆనించి, వెలుతురుకు ఎదురుగా చూడండి. పైనగాని కిందగాని సందు కనబడితే, అది అసలు తప్పుకు రెట్టింపు. అందుకే సూక్ష్మమైన తప్పు కూడా కంటికి కనబడుతుంది. ఒక ముక్కను బోర్లించి పెడితే మాత్రం ఒకదాని వాలును మరొకటి కప్పేసి, తప్పు దాగిపోతుంది.

7.4 చక్రం సాండర్

చాలా ముక్కలను ఒకే కోణానికి తేవలసినప్పుడు చక్రం సాండర్ ఉపయోగపడుతుంది. మోటారు షాఫ్టుకు బిగించిన చక్రం, దాని ముందు ఒక బల్ల – ఇవే దాని ముఖ్యభాగాలు. పాత వెట్ గ్రైండర్ మోటారు నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 24 చుట్లు. దానికి 150 మి.మీ. వ్యాసం గల చక్రం బిగిస్తే అంచు వేగం:

3.14 × 0.15 × 24 = సెకనుకు సుమారు 11.3 మీటర్లు

మన పనికి ఇది చాలు. కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ ఈ వేగం తగ్గుతుంది, కేంద్రంలో సున్నా. అందుకే ముక్కను చక్రం అంచు వైపే రుద్దాలి. అదీ చక్రం కిందికి దిగే వైపు మాత్రమే. అప్పుడు చక్రం ముక్కను బల్లకు అదిమిపెడుతుంది. పైకి లేచే వైపు పెడితే ముక్క ఎగిరి ముఖానికి తగలవచ్చు.

చక్రాన్ని 12 మి.మీ. ప్లైవుడ్‌తో చేసుకోవచ్చు. షాఫ్టు కొలతకు సరిపడే ఫ్లాంజిని మాత్రం లేత్ షాపులో చేయించండి. చక్రానికి, బల్లకు మధ్య 2 మి.మీ. కన్నా ఎక్కువ సందు ఉండకూడదు. బల్ల కోణాన్ని పైన చెప్పిన రెట్టింపు పరీక్షతోనే సరిచూడవచ్చు.

హెచ్చరిక: మిక్సీ మోటారును దీనికి ఎన్నడూ వాడవద్దు. అది బరువు లేనప్పుడు నిమిషానికి 18,000 చుట్ల ప్రాంతంలో తిరుగుతుంది. అదే చక్రం అంచు వేగం అప్పుడు సెకనుకు 141 మీటర్లు దాటుతుంది. ప్లైవుడ్ పగిలి ముక్కలు విసిరివేయబడతాయి. ఏ మోటారైనా దాని ఇనుప చట్రానికి ఎర్తు తీగ కలిపి, మూడు పిన్నుల ప్లగ్గు ద్వారానే కరెంటు ఇవ్వాలి. విప్పి ఉంచిన వైర్లు, కప్పు లేని కెపాసిటర్ ఉండకూడదు. వైరింగ్ తెలియనివారు ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
ముక్కను చక్రం కిందికి దిగే వైపే ఎందుకు పెట్టాలి?

7.5 మందం సాండర్

పడవకు కావలసిన పలకలన్నీ ఒకే మందంలో ఉండాలి. ఇందుకు గరుకు కాగితం చుట్టిన రోలరును పైన, కీలు మీద లేచే బల్లను కింద అమర్చుకుంటాం. లేత్ మీద తిప్పించిన 50 మి.మీ. గట్టి కొయ్య రోలరు, 12 మి.మీ. షాఫ్టు, దానికి సరిపడే 6201 నంబరు బేరింగులు రెండు, పియానో హింజి అనే పొడవాటి బందు – ఇవి కావాలి.

బల్లను లేపడానికి 6 మి.మీ. బోల్టు చాలు. సాధారణ 6 మి.మీ. బోల్టు ఒక చుట్టు తిరిగితే 1 మి.మీ. కదులుతుంది. బందు నుంచి బోల్టు 300 మి.మీ. దూరంలో, రోలరు 150 మి.మీ. దూరంలో ఉన్నాయనుకోండి. బోల్టు దగ్గర బల్ల 1 మి.మీ. లేస్తే, రోలరు కింద అర మిల్లీమీటరే లేస్తుంది. పావు చుట్టుకు 0.125 మి.మీ. మాత్రమే. ఒక్కో దఫాకు అంతకు మించి తీయకూడదు. ఎక్కువ తీస్తే కొయ్య మాడుతుంది, కాగితం పొట్టుతో మూసుకుపోతుంది.

రోలరును బల్లకు సమాంతరంగా తేవడం కష్టమని భయపడనక్కరలేదు. బల్ల మీద 80 నంబరు కాగితం అతికించి, ఖాళీ రోలరును తిప్పుతూ బల్లను మెల్లగా లేపండి. రోలరు పొడవునా కాగితం తాకేవరకు అరగదీయండి. యంత్రం తన రోలరును తానే సరిచేసుకుంటుంది. ఆ తరువాతనే రోలరుకు కాగితం చుట్టండి.

పలకను ఎప్పుడూ రోలరు తిరుగుడుకు ఎదురుగానే పంపాలి. తిరుగుడు వెంట పంపితే రోలరు పలకను లాక్కుపోతుంది. వేళ్ళు కూడా దానితోపాటు పోతాయి. ఎదురుగా పంపేటప్పుడు పట్టు వదిలితే పలక వెనక్కు వస్తుంది కాబట్టి, దానికి ప్రక్కగా నిలబడాలి. చివరి భాగాన్ని చేత్తో కాక, మరో కొయ్య ముక్కతో తోయాలి.

7.6 దుమ్ము – జాగ్రత్తలు

అభిరుచి కోసం చేసే పని కాబట్టి దుమ్మును తేలికగా తీసుకుంటాం. కాని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లో కొయ్య దుమ్మును మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు, దాని చుట్టూ ఉండే గాలి గదులు ముఖ్యంగా దెబ్బతింటాయి. కంటికి కనబడే పొట్టు కింద పడిపోతుంది. కనబడని సన్నని దుమ్మే గాలిలో ఎక్కువసేపు తేలుతుంది. పైగా మన పని సాధారణంగా పడకగది మూలనో, వరండాలోనో సాగుతుంది. ఆ గాలిని ఇంట్లోని పిల్లలు కూడా పీలుస్తారు.

• సాండర్ చుట్టూ డబ్బా కట్టి, వాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలించాలి.
• చేతిరుమాలు చాలదు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 మాస్కు వాడాలి.
• నోటితో ఊదకూడదు, పొడి చీపురుతో ఊడ్వకూడదు, తడిగుడ్డతో తుడవాలి.
• కళ్ళద్దాలు ధరించాలి. వదులు చొక్కా చేతులు, పైట, కండువా, వదులు జుట్టు తిరిగే భాగాల దగ్గరికి రానీయకూడదు.
• కొయ్యకు వాడే సాండర్ మీద ఇనుము రుద్దకూడదు. నిప్పురవ్వ పడితే పేరుకున్న పొట్టు అంటుకుంటుంది.

7.7 సారాంశం

గరుకు కాగితం తన వెనుక ఉన్న ఆకారాన్నే కొయ్యకు ఇస్తుంది. కాబట్టి పనిముట్టు విలువ దాని ధరలో గాక, చదునులో ఉంటుంది. ఆ చదునును గాజు పలకతోను, లంబకోణాన్ని రెట్టింపు పరీక్షతోను, మందాన్ని బోల్టు చుట్లతోను ఇంట్లోనే సాధించవచ్చు. మోటారు పనిని వేగవంతం చేస్తుంది. తప్పును కూడా అంతే వేగంగా పెంచుతుంది. అందువల్ల ముందుగా చేతి పనిముట్లతో కొన్ని ముక్కలు చేసి, ఆ తరువాతనే యంత్రం తయారీకి పూనుకోండి.

7.8 మీ ప్రగతిని తెలుసుకోండి – సమాధానాలు

1. 80 నంబరు చేసిన లోతైన గీతలు అలాగే మిగిలి, వార్నిష్ పూసిన తరువాత బయటపడతాయి.
2. ఆ వైపు చక్రం ముక్కను బల్లకు అదిమిపెడుతుంది. రెండవ వైపు ముక్కను పైకి విసురుతుంది.

7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మందం సాండర్ నిర్మాణాన్ని, వాడే పద్ధతిని వివరించండి.
2. కొయ్య దుమ్ము వల్ల కలిగే హానిని, తీసుకోవలసిన జాగ్రత్తలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నునుపుకు, చదునుకు గల తేడాను ఉదాహరణతో తెలపండి.
2. లంబకోణ పరీక్షలో ఒక ముక్కను బోర్లిస్తే తప్పు ఎందుకు దాగిపోతుందో పటంతో చూపండి.
3. బందు నుంచి బోల్టు 400 మి.మీ., రోలరు 100 మి.మీ. దూరంలో ఉంటే, 6 మి.మీ. బోల్టు అర చుట్టుకు రోలరు కింద బల్ల ఎంత లేస్తుందో లెక్కించండి.