ప్రయోగశాలలు – ప్రాణరక్షణ

2008వ సంవత్సరము డిశంబరు 29వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజిలిసు నగరమున, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రసాయన ప్రయోగశాలలో 23 ఏండ్ల యువతి యొకతె టెర్ష్యరీ బ్యుటైల్ లిథియమను ద్రవమును సీసానుండి సిరంజితో తీయుచుండెను. గాలి సోకినంతనే తనంత తాను మండుట ఆ ద్రవముయొక్క స్వభావము. ప్లాస్టికు సిరంజి పిడి యూడివచ్చెను. ద్రవము చిమ్మి మంటలు లేచెను. ఆమె ధరించినది కృత్రిమపు దారముతో నల్లిన స్వెట్టరు. అట్టి వస్త్రము నిప్పు తగిలినచో కరగి చర్మమునకు అంటుకొనును. రక్షణకోటు ఆమె యొంటిపై లేదు. పదునెనిమిది దినములు యాతనపడి, 2009 జనవరి 16వ తేదీన ఆమె మరణించెను.

“అజాగ్రత్త” యని యొక్క మాటతో నీ వృత్తాంతమును ముగించువారు కలరు. మేమట్లు ముగింపజాలము. ఆ ప్రమాదమునకు రెండు నెలలకు ముందే విశ్వవిద్యాలయపు తనిఖీదారులు ఆ ప్రయోగశాలను చూచి, పనివారు కోటులు ధరించుటలేదని వ్రాసియుండిరి. ఆ లోపము దిద్దబడలేదు. మోకు చివికినదని యెరిగియు మార్పింపక పాలేరును బావిలోనికి దింపిన ఆసామి, తరువాత “వాడు గట్టిగా పట్టుకొనలేదు” అనినచో గ్రామములో నెవరైన నొప్పుకొందురా?

కాలిఫోర్నియా కార్మికరక్షణశాఖవారు విశ్వవిద్యాలయమునకు 31,875 డాలర్లు జరిమానా విధించిరి. 2011 డిశంబరులో ఆచార్యునిపైనను, విశ్వవిద్యాలయ పాలకవర్గముపైనను క్రిమినలు అభియోగములు తేబడెను. ఇట్టి అభియోగము మిక్కిలి యరుదు. పాలకవర్గమువారు ప్రయోగశాల స్థితిగతులకు బాధ్యత తమదేయని 2012లో నంగీకరించి బయటపడిరి. ఆచార్యుడు 2014లో కుదిరిన ఒడంబడికచొప్పున కాలినగాయముల చికిత్సాలయమునకు 10,000 డాలర్లు చెల్లించి, 800 గంటలు సమాజసేవ చేయుటకు సమ్మతించెను. కారాగారవాసము లేదు.

ఈ వ్యవహారమున మా పాఠకులు గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. ఆ యువతి జీతము పుచ్చుకొను ఉద్యోగిని గనుక కార్మికచట్టము ఆమెకు వర్తించెను. ఆమెయే జీతములేని విద్యార్థిని యైయుండినచో, ఆ శాఖకు విచారణాధికారమే యుండెడిది కాదు! అమెరికాలో ప్రయోగశాలలకు ప్రత్యేక నిబంధనలు 1990లోనే యేర్పడినవి, అవియు ఉద్యోగులకొరకే. ఒకే బల్లయొద్ద నిలిచి ఒకే విషమును కలుపు నిరువురిలో జీతగానికి చట్టము, విద్యార్థికి దైవము! సముద్రముదాటి చదువబోవు మన పిల్లలలో ననేకులు విద్యార్థులే.

టెక్సాసు రాష్ట్రపు విశ్వవిద్యాలయ మొకదానిలో 2010 జనవరిలో ప్రేలుడు ద్రవ్యమొకటి ప్రేలి విద్యార్థికి మూడు వ్రేళ్లు పోయెను. నూరు మిల్లీగ్రాములకు మించి చేయరాదని ఆచార్యులు నోటిమాటగా చెప్పియుండిరట. తయారైనది పది గ్రాములు, అనగా నూరు రెట్లు. అంతకుముందే అదే ప్రయోగశాలలో త్రుటిలో తప్పిన ప్రమాదములున్నను, వానినుండి పాఠము తీసి వ్రాసిపెట్టి అందరికి తెలిపిన నాథుడు లేడు.

“మహావిదుషీమణులకే తప్పని ప్రమాదము నెవరు తప్పింతురు?” అను వారుందురు. డార్ట్‌మత్ కళాశాల ఆచార్యురాలు కారెన్ వెటర్‌హాన్ విషలోహములనుగూర్చి పరిశోధించిన మేటి. 1996 ఆగష్టులో డైమిథైల్ మెర్క్యురీయను పాదరసయోగము కొన్ని చుక్కలు ఆమె రబ్బరు చేతితొడుగుపై బడెను. తొడుగున్నది గదాయని యామెయే కాదు, నాటివారెవరైనను నిశ్చింతగా నుందురు. నెలలు గడచినపిదప మాటయు నడకయు తడబడెను. 1997 జూన్ 8వ తేదీన 48 ఏండ్ల ప్రాయమున గతించెను. సహచరులు పరీక్షింపగా, ఆ విషము అట్టి తొడుగును కొలది సెకండ్లలోనే దాటునని తేలినది. వారు దానిని దాచక లోకమునకు ప్రకటించిరి. అప్పటినుండి తొడుగుల విషయమున సలహాలే మారినవి. తెలియని యాపద యొకటి, తెలిసియు దిద్దని యాపద వేరొకటి. మా ఫిర్యాదు రెండవదానిపైననే.

మన దేశమున నిట్టివి లేవా? 2009 డిశంబరు 29వ తేదీన, అనగా లాస్ ఏంజిలిసు ప్రమాదమునకు సరిగా నేడాదికి, ట్రాంబేలోని భాభా అణుపరిశోధన కేంద్రపు ప్రయోగశాలలో మంటలు చెలరేగి ఇరువురు యువపరిశోధకులు మరణించిరి. 2018 డిశంబరు 5వ తేదీన బెంగుళూరు భారతీయ విజ్ఞానమందిరమున వాయుసిలిండరు ప్రేలి ఒకరు చనిపోయిరి, ముగ్గురు గాయపడిరి. రెండు దినములు పత్రికలలో వార్తలు వచ్చును; తరువాత నెవరికిని పట్టదు.

భూమి తాకట్టుపెట్టియైనను కుమారునో కుమార్తెనో పరిశోధనకు పంపు తండ్రి, ఉపకారవేతన మెంతయని యడుగును, వసతిగృహమున భోజన మెట్లుండునని యడుగును. ప్రయోగశాలను కడపట తనిఖీచేసినది ఎప్పుడు, అందు వ్రాసిన లోపములలో దిద్దినవెన్ని, రాత్రివేళ నొంటరిగా పనిచేయనిత్తురా, కోటును తగిన తొడుగులును సంస్థయే యిచ్చునా యని యడిగిన తండ్రిని మేమింతవరకు చూడలేదు. అడుగుట వారి హక్కు. తనిఖీ నివేదికలను బీరువాలో బెట్టి తాళమువేయక ఏటేట ప్రకటించు విశ్వవిద్యాలయము మన రాష్ట్రములలో నేదేని యున్నచో, దాని పేరు ఈ పుటయందే సంతోషముతో ప్రకటింపగలము.