పొగను పసిగట్టే పెట్టె

స్మోక్ డిటెక్టర్ పుట్టుక వెనక ఒక విఫల ప్రయోగం ఉంది. 1930ల చివర్లో స్విట్జర్లాండ్‌ భౌతిక శాస్త్రవేత్త వాల్టర్ యేగర్ విషవాయువును గుర్తించే సాధనం కోసం ప్రయత్నించాడు. వాయువు తగిలినా మీటరు ముల్లు కదల్లేదు. విసిగి సిగరెట్ వెలిగిస్తే, ఆ పొగకు ముల్లు పడిపోయిందని చెబుతారు. అదే దేశానికి చెందిన ఎర్నస్ట్ మైలి ఆ స్వల్ప మార్పును అలారం మోగించేంతగా పెంచగలిగాడు. 1951లో ఈ పరికరం అమెరికాలో అమ్మకానికి వచ్చినా, ధర, పరిమాణం వల్ల ఫ్యాక్టరీలు, పెద్ద భవనాలు దాటి రాలేదు.

దాన్ని ఇంట్లోకి తెచ్చినవాడు కొలరాడోకు చెందిన డ్వేన్ పియర్సాల్. స్థిర విద్యుత్తును అదుపు చేసే యంత్రంపై పనిచేస్తుండగా, చిత్రంగా ఆయనకూ దారి చూపింది సిగరెట్ పొగే. స్టాన్లీ పీటర్సన్‌తో కలిసి 1965లో ఆయన బ్యాటరీతో నడిచే చిన్న డిటెక్టర్‌ను రూపొందించాడు.

ఈ రకం డిటెక్టర్‌లో గ్రాములో కోటి వంతుల్లో మూడు వంతులపాటి అమెరీషియం-241 ఉంటుంది. దాని కిరణాలు గాలిని అయాన్లుగా మార్చడంతో రెండు పలకల మధ్య సన్నగా కరెంటు పారుతుంది. అయాన్లు పొగ కణాలకు అంటుకోగానే కరెంటు తగ్గి అలారం మోగుతుంది. రేడియోధార్మికత అనగానే భయం సహజమే కానీ, ఈ ఆల్ఫా కిరణాలను కాగితం ముక్క కూడా ఆపేస్తుంది. భగ్గున లేచే మంటను ఈ రకం త్వరగా పట్టుకుంటుంది. పరుపులో, సోఫాలో గంటల తరబడి రాజుకునే నిప్పును పట్టడంలో ఫొటోఎలక్ట్రిక్ రకానిదే పైచేయి. అందులో కాంతి పుంజం పొగపై పడి చెదిరి సెన్సర్‌ను తాకుతుంది.

పెట్టె చవకయ్యాక నిబంధనలు వచ్చాయి. ప్రతి పడకగది లోపల, పడకగదుల బయట, ప్రతి అంతస్తులో ఒక్కో అలారం ఉండాలని అమెరికా అగ్నిరక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ కోడ్ చెబుతుంది. రాష్ట్రమో నగరమో స్వీకరిస్తేనే ఆ కోడ్ చట్టమవుతుంది. అద్దె ఇళ్ల విషయంలో ఇంగ్లండ్ నియమం సూటిగా ఉంది: 2015 అక్టోబరు 1 నుంచి ప్రైవేటు యజమాని అంతస్తుకొక అలారం పెట్టాలి, అద్దె మొదలైన రోజున అది పనిచేస్తోందని చూసుకోవాలి, ఉల్లంఘిస్తే 5,000 పౌండ్ల దాకా జరిమానా. స్కాట్లాండ్ 2022 ఫిబ్రవరి నుంచి సొంత ఇళ్లనూ చేర్చింది. అక్కడ అలారాలన్నీ ఒకదానికొకటి అనుసంధానమై ఉండాలి, ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. వంటింట్లో మాత్రం పొగను కాక వేడిని గుర్తించే అలారం పెడతారు.

ఈ తేడాకు అర్థం ఉంది. ఎండుమిర్చి తాలింపు ఘాటుకే అలారం మోగిపోవడం విదేశాల్లోని తెలుగు ఇళ్లలో తెలిసిందే. విసుగెత్తి బ్యాటరీ పీకేయడం, పెట్టెకు ప్లాస్టిక్ కవరు చుట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. చట్టం పెట్టించిన పరికరాన్ని నిజంగా ఓడించేది ఈ అలవాటే. అమెరికాలో ఇళ్ల అగ్నిప్రమాద మరణాల్లో సుమారు అయిదింట మూడు వంతులు అలారం లేని, లేదా ఉన్నా మోగని ఇళ్లలోనివే. అందుకే పొయ్యికి కనీసం 10 అడుగుల దూరం పాటించమంటారు. తీయడానికి వీల్లేని పదేళ్ల బ్యాటరీలు వచ్చినదీ అందుకే.

నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. ఏ రకమైనా పదేళ్లకు మార్చాలి. ఆ లెక్క కొన్న రోజు నుంచి కాదు, పెట్టె వెనక ముద్రించిన తయారీ తేదీ నుంచి.