డ్రాప్‌కి ఒక్క క్షణం ముందు

2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా 27017 పోర్టు బయటికి తెరిచి ఉన్న వేలాది మోంగోడీబీ డేటాబేసులను తుడిచేసి, బిట్‌కాయిన్లు కడితే తిరిగిస్తామని చీటీ పెట్టిపోయారు. కట్టినా చాలామందికి డేటా రాలేదు. అసలు కాపీ తీసుకుంటే కదా!

మన ప్రాజెక్టు సర్వర్‌కి ఇలా జరిగితే నేను ముందు నెట్ తీసేసి, డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేస్తాను. రెప్లికా సెట్‌గా నడుపుతుంటే ప్రతి మార్పూ ఆప్‌లాగ్‌లో వరసగా ఉంటుంది. దాని సైజు పరిమితం, కొత్తవి చేరేకొద్దీ పాతవి పోతాయి. అందుకే ఈ తొందర.

తర్వాత కొత్త మెషీన్లో పాత బ్యాకప్ ఎక్కించి, దాని మీద ఆప్‌లాగ్ నడిపించాలి. తిరకాసంతా ఇక్కడే. హ్యాకర్ కొట్టిన డ్రాప్ కూడా ఆ లాగ్‌లోనే ఉంటుంది. మొత్తం నడిపిస్తే వాడి పని మనమే మళ్ళీ చేసినట్టు! ఆ డ్రాప్ టైమ్‌స్టాంపు వెతికి మోంగోరీస్టోర్‌కి ఆప్‌లాగ్ లిమిట్‌గా ఇస్తే, సరిగ్గా దానికి ముందే ఆగిపోతుంది.