పెంకలు దించాక తెలిసిన ఎండ

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. బీర్కూర్ బజార్లో కుక్క కూడా కనబడదు. కిరాణా కొట్టాయన షట్టరు సగం దించి లోపల కునుకు తీస్తుంటాడు. మగవాళ్లు చెట్టు కిందికో, హోటలు పంచలోకో చేరతారు. మరి ఆడవాళ్లు? పొలం పని లేని రోజుల్లో ఏ తలుపు తట్టినా ఇంట్లోనే ఉంటారు. అంట్లు తోముతూనో, చింతపండు గింజ తీస్తూనో, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూనో. "నీకేం, నీడపట్టున ఉన్నావు" అంటుంటారు కదా మనల్ని! ఆ నీడ ఎంత వేడిగా ఉంటుందో మా ఇంటి పెంకలు దించేదాకా నాకూ తెలియలేదు.

బీర్కూర్ చిన్న ఊరు. ఉత్తర తెలంగాణలో, మంజీర పక్కన, బాన్సువాడకి దగ్గర్లో ఉన్న మండల కేంద్రం. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా నిజామాబాద్ జిల్లా, ఆ తర్వాత కామారెడ్డి జిల్లా. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా కొండల్లో పుట్టిన మంజీర, కర్ణాటక మీదుగా వచ్చి, ఇక్కడ ఉత్తరానికి తిరిగి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పైన నిజాంసాగర్ ఉంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు కాలవలే ఈ చుట్టుపక్కలకి వరినీ చెరకునీ తెచ్చిపెట్టాయి. ఆ నీళ్లని నమ్ముకునే కోస్తా జిల్లాల నుంచి వచ్చి 'క్యాంపులు' కట్టుకున్న కుటుంబాలూ ఉన్నాయి.

అన్నం పెట్టే నేలే, కానీ కాలాలు మాత్రం కఠినం. మేలో ఎండ 45 డిగ్రీలకి చేరే రోజులుంటాయి. పుష్యమాసపు రాత్రుల్లో చలి 10 డిగ్రీలకి దిగుతుంది. ఏడాదికి కురిసే వానలో ఎనభై పాళ్లు జూన్-సెప్టెంబరు నెలల మధ్యే పడిపోతుంది. ఇన్నింటిని తట్టుకోవడానికే పూర్వం వాళ్లు ఆ మట్టిగోడల పెంకుటిళ్లు కట్టుకున్నారు.

నాకు నచ్చని ఇల్లు

నిజం చెప్పొద్దూ, కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ ఇల్లు నాకస్సలు నచ్చలేదు. మూరెడు మందం మట్టిగోడలు, గుప్పెడంత కిటికీలు, పట్టపగలే చీకటిగా ఉండే అర్రలు. పైనుంచి రాలే దుమ్ము తుడవలేక చచ్చేదాన్ని. వానాకాలం వస్తే తేళ్ల భయం. డిగ్రీ చదివి వచ్చి ఈ గుహలో పడ్డానే అనుకునేదాన్ని.

ఆ గుహని ఏలేది మా అత్తమ్మ. ఆవిడ గోడ మీది క్యాలెండరు తేదీలు చూసేది కాదు, కార్తెలు చూసేది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ లోపలే మిరపకాయలు ఎండి దంచడం అయిపోవాలి. మామిడికాయ తొక్కు జాడీలకెక్కాలి. చింతపండు గింజ తీసి, ఉప్పు వేసి ముద్దలు కట్టాలి. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర ప్రవేశించే వేళకి కట్టెలూ పిడకలూ కొట్టంలోకి చేరాలి. ఇంటి మీది గూనపెంకలు సర్దించాలి. మృగశిర నాడు చేపల కూర వండాలి. తినని వాళ్లకి బెల్లంలో ఇంగువ కలిపి ఉండ చేసి పెట్టాలి.

"అత్తమ్మా, ఇంకా మబ్బే లేదు, అప్పుడే మిరపకాయలు తీసేయమంటారేం?" అంటే, "ఉప్పు డబ్బల చెయ్యి పెట్టి సూడు బిడ్డా" అనేది. చూస్తే ఉప్పు చెమ్మగిల్లి ఉండేది. సాయంత్రానికి వాన!

ముసురు పట్టిన రోజుల్లో ఆ ఇల్లంతా దండేలే. తడి బట్టలు, పొగ, చుక్కలు కారే చోటల్లా గిన్నెలు. వాన వెలిసి బతుకమ్మ నాటికి గునుగుపూలు పూసేసరికి మళ్లీ అలుకుళ్లు, సున్నాలు. చలికాలం పొద్దున్నే అరుగు మీదికి ఎండ వచ్చేది. ఇంటిల్లిపాదీ అక్కడే కూర్చుని వేడి వేడి జొన్నరొట్టె తినేవాళ్లం. సంక్రాంతి సకినాలు కూడా ఆ అరుగు మీద కూర్చునే చుట్టేవాళ్లం.

ఇక మే నెల మధ్యాహ్నాలు. ఆ చీకటి అర్రలో నేల మీద నీళ్లు చల్లుకుని పడుకుంటే హాయిగా నిద్రపట్టేది. మందపాటి మట్టిగోడ గుండా వేడి లోపలికి రావడానికి చాలాసేపు పడుతుంది. వచ్చిన వేడి పైకెక్కి పెంకల సందుల్లోంచి వెళ్లిపోతుంది. చిన్న కిటికీలెందుకో, ఆ చీకటెందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. చదువుకున్నదాన్ని కదా!

స్లాబు కావాలన్నది నేనే

పెంకుటిల్లు తీసేయడానికి కారణాలు లేకపోలేదు. కోతులు మందలుగా వచ్చి పెంకలు పీకి పారేస్తుంటే ఏటా సర్దించడం తలకు మించిన పనయింది. ఆ పని తెలిసిన మనుషులూ దొరకడం లేదు. దూలాలకి చెదలు. వీధిలో ఒక్కొక్కరే స్లాబు వేసుకుంటున్నారు. "మనమూ వేద్దాం" అని పట్టుబట్టింది నేనే. అత్తమ్మ ఏమీ అనలేదు. పెంకలు దించేటప్పుడు మాత్రం, పగలనివి ఏరి పెరట్లో గోడవారగా పేర్పించుకుంది.

కొత్త ఇంట్లో మొదటి వానాకాలం పండగే. ఒక్క చుక్క కారలేదు. తేలు కనబడలేదు. వడియాలు పెట్టుకోవడానికి మేడ మీద అంత జాగా! స్లాబు ఇల్లు చెడ్డదని నేనిప్పటికీ అనను. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాని కుండపోత ముంచెత్తి, నిజాంసాగర్ గేట్లెత్తిన రోజుల్లో గట్టి కప్పు విలువేమిటో మళ్లీ తెలిసింది. ఆ రాత్రులు మట్టిగోడల మధ్య ఉన్నవాళ్లకి కంటి మీద కునుకు లేదు.

కానీ వేసవి సంగతి వేరు. కాంక్రీటు పగలంతా ఎండని తాగుతుంది. పొద్దుగూకాక ఆ వేడిని కిందికి, మన మీదికే వదులుతుంది. అందుకే అర్ధరాత్రయినా స్లాబు ఇంట్లో ఫ్యాను వేడిగాలే కొడుతుంది. దానికి తోడు వంటింటి పొయ్యి. మగవాళ్లు మంచాలు బయట వేసుకుంటారు. పగటి వేడిలో పని చేసిన ఆడమనిషి రాత్రి కూడా ఆ వేడిలోనే పడుకుంటుంది. ఒంటికి చల్లబడే వ్యవధే ఉండదు.

2024 మే నెలలో ఒక మధ్యాహ్నం మా అత్తమ్మ వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళితే వడదెబ్బ అన్నారు. "ఈ వయసులో ఎండలో ఎక్కడికి పంపారమ్మా?" అని డాక్టరుగారు నన్నడిగారు.

ఎక్కడికీ పంపలేదు. ఆవిడ ఇంట్లోనే ఉంది.

అరుగుతో పాటు పోయినవి

ఆవిడ కోలుకున్నాక ఇంకో సంగతి గమనించాను. పాత ఇంటి అరుగు మీద మధ్యాహ్నం పూట నలుగురైదుగురు ఆడవాళ్లు బీడీలు చుట్టుకునేవాళ్లు. మాకేమీ కారు, వీధి వాళ్లు. పెంకల చూరు కింద నీడ, గాలి ఉంటాయని వచ్చేవాళ్లు. ఇంట్లో స్థలం కలిసొస్తుందని కొత్త ఇంటికి మేం అరుగు పెట్టలేదు. ఇప్పుడు వాళ్లు ఎవరిళ్లలో వాళ్లు, రేకుల కింద కూర్చుని చుడుతున్నారు.

మా నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో బీడీలతో సంసారం ఈదే ఆడవాళ్లు ఇంటింటా ఉన్నారు. ఆ పనికి వాతావరణంతో ఎంత ముడి ఉందో చుట్టేవాళ్లకే తెలుసు. తునికాకు నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. ఆరితే చిట్లిపోతుంది. అందుకే ఫ్యాను వేసుకోరు. వేస్తే ఆకు ఎండుతుంది, తంబాకు ఎగిరి కళ్లలో, ముక్కులో పడుతుంది. ముసురు పడితే ఇంకో బాధ, చుట్టిన బీడీ చెమ్మ పడితే తీసి పక్కన పడేస్తారు. రేకుల కింద, ఫ్యాను లేకుండా, మే నెలలో వెయ్యి బీడీలు చుట్టడమంటే ఏమిటో ఊహించండి.

ఈ మధ్య ప్రభుత్వాలూ ఇంటి కప్పుల గురించి ఆలోచిస్తున్నాయి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ 'కూల్ రూఫ్' విధానం ప్రకటించింది. కప్పు మీద ఎండని తిప్పికొట్టే తెల్లటి పూత గానీ పలకలు గానీ వేయాలన్నది దాని సారాంశం. అయితే 600 చదరపు గజాలూ ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకే అది తప్పనిసరి. చిన్న ఇళ్లవాళ్లు ఇష్టమైతే వేసుకోవచ్చు. బీడీలు చుట్టే చెల్లెళ్లుండేది ఆ చిన్న ఇళ్లలోనే కదా! అహ్మదాబాద్‌లో 'సేవా' సంస్థ నుంచి 1994లో పుట్టిన మహిళా హౌసింగ్ ట్రస్ట్ పేద ఆడవాళ్లతో కలిసి ఇలాంటి ఇళ్ల కప్పులకి తెల్లరంగు వేయిస్తోంది. మన ఊళ్లలోని మహిళా సంఘాలు పొదుపులు, అప్పులతో పాటు ఈ పని కూడా ఎత్తుకోవచ్చు.

మాకు మేం చేసుకున్నది చెబుతాను. వేసవి ముందు మేడంతా కడిగి, సున్నంలో కాస్త జిగురు కలిపి రెండుసార్లు తెల్లగా పూయించాం. పడమటి కిటికీ ముందు చిక్కుడు పందిరి వేశాం. మధ్యాహ్నం వంట పొద్దున తొమ్మిదింటికే ముగిస్తున్నాం. ఇల్లు మళ్లీ పెంకుటిల్లంత చల్లగా అయిపోలేదు కానీ, మధ్యాహ్నం ఇంట్లో ఊపిరి ఆడుతోంది.

ఆ తర్వాత, అత్తమ్మ దాచిన పెంకలతో వాకిట్లో చిన్న చూరు దించి, కింద అరుగు కట్టించాం. మా ఆయన "దీనికింత ఖర్చా?" అన్నారు గానీ, నేను పట్టు విడవలేదు. అరుగు ఆరిన మూడో రోజుకే చేటలు పట్టుకుని ఇద్దరు వచ్చారు.

అత్తమ్మ ఆ అరుగు మీద కూర్చుని ఒకనాడు అంది: "ఇల్లు కట్టేటప్పుడు ఎన్ని అర్రలు గావాలె, ఏ రంగు ఎయ్యాలె అని అందరు అడిగిండ్రు బిడ్డా. పగటీలి నువ్వు యాడ కూసుంటవని ఒక్కలన్న అడిగిండ్రా?"

అడగలేదు. నేనూ అడగలేదు. కొత్త ఇల్లు తలపెట్టిన వాళ్లెవరైనా ఈ నాలుగు మాటలు చదువుతుంటే, మేస్త్రీకి బయానా ఇచ్చే ముందు ఇంట్లో పెద్దావిడని ఆ ఒక్క మాట అడగండి.