మన దస్తూరీతో మరొకరి ఉత్తరం

అమెరికాలో క్షౌరశాల పాటలని ఒక రకం సంగీతం ఉంది. నలుగురు చేరి, వాద్యమనేది లేకుండా, నాలుగు స్థాయిలలో గొంతులు కలిపి పాడతారు. గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ళు తమ వంతు వచ్చేదాకా ఊసుపోక పాడుకునేవారనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. మనకిది మరీ వింతగా తోచనక్కరలేదు. మన వైపు పెళ్ళిపందిట్లో నాదస్వరం వాయించే విద్వాంసులలో చాలామంది నాయీబ్రాహ్మణ కుటుంబాలవారే గదా! కత్తికీ కచేరీకీ చుట్టరికం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ఈ పాటలంటే ప్రాణం పెట్టే రాబ్ టొపోల్‌స్కీ అనే ఆయన 2007లో ఆరెగాన్ రాష్ట్రంలో ఉండేవారు. కంప్యూటర్ల లోగుట్టు తెలిసిన మనిషి. హక్కుల గడువు తీరిపోయిన పాత పాటలను పోగుచేసి, ఇంటర్నెట్ మీద కావలసినవారికి ఉచితంగా పంచిపెట్టడం ఆయనకు సరదా. అందులో లాభం లేదు, దొంగతనం అంతకన్నా లేదు. అయితే ఒక చిక్కు వచ్చింది. ఆయన ఇంటికి రావలసినవి వస్తున్నాయి. ఆయన ఇవ్వబోతే మాత్రం ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు ఆగిపోతున్నది. కంప్యూటరు బాగానే ఉంది. నెలనెలా డబ్బు కడుతూనే ఉన్నారు. మరి అడ్డు ఎక్కడ?

మామూలు మనిషి అయితే “ఏదో లైను బాగాలేదు కాబోలు” అని ఊరుకుంటాడు. ఈయన ఊరుకోలేదు.

తరువాతి కథ తెలియాలంటే ముందు ఆయన పాటలు పంచే పద్ధతి ఏమిటో తెలియాలి. నా వృత్తి పాఠం చెప్పడం గనుక తరగతి గదిలోంచే ఉదాహరణ చెబుతాను. లైబ్రరీలో ఒక పుస్తకానికి ఒకే ప్రతి ఉంది. క్లాసులో నలభైమంది పిల్లలు. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక్కొక్కరే పుస్తకాన్ని ఇంటికి పట్టుకుపోయి, మొత్తం రాసుకుని తెచ్చి ఇస్తూంటే, నలభయ్యోవాడి వంతు వచ్చేసరికి పరీక్షలే కాదు, ఫలితాలు కూడా వచ్చేస్తాయి. తెలివైన పిల్లలు ఏం చేస్తారు? పుస్తకాన్ని నలభై భాగాలుగా పంచుకుని తలా ఒకటి రాసుకుంటారు. ఆపైన “నీది నాకియ్యి, నాది నీకిస్తాను” అని మార్చుకుంటారు. కొద్ది రోజుల్లో నలభైమంది దగ్గరా పుస్తకమంతా ఉంటుంది.

సరిగా ఈ పనే కంప్యూటర్ల చేత చేయించే సాధనాన్ని 2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికన్ యువకుడు తయారుచేశాడు. దాని పేరు బిట్‌టొరెంట్. మామూలు దుకాణంలో అడిగేవాళ్ళు ఎక్కువైన కొద్దీ సరుకు ఆలస్యమవుతుంది. ఇక్కడ అడిగేవాళ్ళు పెరిగిన కొద్దీ పని వేగిరపడుతుంది, ఎందుకంటే తీసుకునేవాడే ఇచ్చేవాడు కూడా. తన రాత పూర్తయిపోయినా లేచి వెళ్ళకుండా, మిగతావాళ్ళకు ఇస్తూ అక్కడే కూర్చునే ఉదారుడు కూడా ఒకడుంటాడు. అతణ్ణి ఈ పరిభాషలో ‘సీడర్’ అంటారు, అంటే విత్తనం వేసేవాడన్నమాట. టొపోల్‌స్కీగారు అటువంటి విత్తనపు మనిషి.

ఈ పద్ధతికి చెడ్డపేరు ఉన్న మాట నిజమే. కొత్త సినిమాల దొంగ ప్రతులు ఈ దారినే ఎన్నో పోయాయి. ఇంట్లో కుర్రవాళ్ళను అడిగి చూడండి, మాట మారుస్తారు. కాని లైనక్సు వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ప్రపంచమంతటికీ చేరిందీ ఈ దారినే. కొడవలితో వరి కోయవచ్చు, పక్కవాడి చెరకూ కోయవచ్చు. కమ్మరిని పట్టుకుని కొడితే ఏం లాభం?

సరే, అడ్డు సంగతికి వద్దాం. ఇంటర్నెట్‌లో ఏదీ ఒక పెద్ద మూటగా పోదు. పాటైనా, పుస్తకమైనా చిన్న చిన్న ఉత్తరాలుగా చీలి పోతుంది. ప్రతి కవరు మీదా పంపినవారి చిరునామా, అందవలసినవారి చిరునామా ఉంటాయి. వీటిలో ‘రీసెట్’ అనే ఉత్తరం ఒకటుంది. “ఇక నీకూ నాకూ మాటల్లేవు, ఇంతటితో కట్టెయ్యి” అని దాని అర్థం. అది అందినవాడు ఎందుకని అడగకుండా కట్టేస్తాడు. రెండు యంత్రాల మధ్య మర్యాద అది.

టొపోల్‌స్కీ తన ఇంటికి వచ్చే, ఇంటినుంచి పోయే ఉత్తరాలన్నిటినీ పట్టి చూపించే ఒక సాధనాన్ని పెట్టుకుని వాటిని పరీక్షించారు. పంపకం ఆగిన ప్రతిసారీ ఈ రీసెట్ ఉత్తరం కనబడింది. కవరు మీద అవతలివాడి చిరునామాయే ఉంది. కాని అవతలివాడు దాన్ని రాయలేదు!

మీ అమ్మాయి కాకినాడలో కాపురం ఉంటున్నది అనుకోండి. మీరు రోజూ ఆమెకు ఉత్తరం రాస్తారు, ఆమె మీకు రాస్తుంది. సంచీ బరువెక్కుతున్నదని విసుగుపుట్టి, దారిలో ఉత్తరాలు మోసే మనిషి మీ దస్తూరీతో “ఇక నాకు రాయవద్దు” అని ఆమెకొక కార్డూ, ఆమె దస్తూరీతో అదే ముక్క మీకొక కార్డూ రాసి పడేశాడు. ఏమవుతుంది? మీరు ఆమె మీద అలుగుతారు, ఆమె మీ మీద అలుగుతుంది. సంచీ మోసేవాడి మీద ఎవరికీ అనుమానం రాదు. అతను మరునాడు కూడా నవ్వుతూనే గుమ్మంలోకి వస్తాడు.

ఆ సంచీ మోసే సంస్థ కామ్‌కాస్ట్. ఫిలడెల్ఫియాలో కొలువున్న కేబుల్ కంపెనీ. అప్పటికే దానికి కోటికి పైగా ఇంటర్నెట్ ఖాతాదారులున్నారు. టొపోల్‌స్కీ తాను చూసినది 2007 మే నెలలో బయటపెట్టారు. కంపెనీ “మేము దేన్నీ అడ్డుకోవడం లేదు” అన్నది. ఒక పాటల పిచ్చివాడి మాట ఒకవైపు, కోటిమందికి సర్వీసు ఇచ్చే కంపెనీ మాట ఒకవైపు. ఎవరి మాట నెగ్గుతుందో వేరే చెప్పాలా?

కాని ఆ అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థవారు తామే పరీక్ష చేశారు. పంపడానికి వారు ఎంచుకున్నది సినిమా కాదు, పాట కాదు, 1611 నాటి ఇంగ్లీషు బైబిలు! దొంగ సరుకని ఎవరూ వేలు చూపలేని గ్రంథం. ఆ ఎంపికలోని చమత్కారానికి నేనైతే నూటికి నూరు మార్కులు వేస్తాను. మూడు ప్రయత్నాలలో రెండుసార్లు బైబిలు కదలలేదు. మూడోసారి పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. రెండు వైపుల యంత్రాలూ వారివే గనుక, రెండింటిలోనూ లెక్క చూశారు. ఆపమన్న ఉత్తరం రెండు చోట్లా అందింది, రెండింటిలో ఏదీ పంపలేదు. అప్పుడు కంపెనీ మాట మెల్లగా మారింది. అడ్డుకోవడం కాదు, కొంచెం ‘ఆలస్యం’ చేయడమేనట. తెలుగు ఎం.ఏ. చదివిన నాకు కూడా ఈ పర్యాయపదం కొత్తదే.

కంపెనీ పక్షాన చెప్పవలసింది ఏమీ లేదనను. కేబుల్ తీగలు మొదట టెలివిజన్ కోసం వేసినవి. ఇంటికి వచ్చే దారి వెడల్పు, ఇంటినుంచి పోయే దారి ఇరుకు. పైగా ఆ ఇరుకుదారిని ఇరుగుపొరుగు ఇళ్ళన్నీ కలిసి వాడుకోవాలి. వీధి కుళాయి దగ్గర ఒకాయన తెల్లవార్లూ బిందెలు నింపుతూ కూర్చుంటే తక్కినవారు ఏమైపోవాలి? పక్కింటి పిల్ల పరీక్ష రుసుము కట్టడానికి కూర్చుంటే ఈయన పాటలు దారంతా ఆక్రమించుకోవడం న్యాయమా? కాదు. వరస పెట్టే పెద్దమనిషి ఒకడు ఉండవలసిందే.

కాని వరస పెట్టడం వేరు, దొంగ ఉత్తరం సృష్టించడం వేరు. ఎక్కువ బిందెలు పట్టేవాణ్ణి కాసేపు ఆగమంటే ఎవరూ తప్పు పట్టరు. ఇక్కడ బిందెలు లెక్కపెట్టలేదు; బిందె ఆకారం చూశారు. బిట్‌టొరెంట్ అయితే చాలు, పంపేది కొంచెమైనా సరే, రద్దీ ఉన్నా లేకపోయినా సరే, ఆపేశారు. విచారణ జరిపిన ప్రభుత్వ కమిషను తేల్చిన సంగతి ఇది. వేటుపడినది ఎక్కువగా ఎవరి మీదనో తెలుసా? తమ రాత పూర్తయినా లేచిపోకుండా పరులకు ఇస్తూ కూర్చున్నవారి మీద! మాకు ఇబ్బందిగా ఉందని ముఖాన చెప్పివుంటే ఖాతాదారుకు ఇష్టమైతే ఉండేవాడు, లేకపోతే పోయేవాడు. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా అతని పేరుతోనే అతని మాట తెంపారు. నాకు కష్టం కలిగించేది అదీ.

2008 ఫిబ్రవరిలో కమిషనువారు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో బహిరంగ విచారణ పెట్టారు. సభ మొదలయ్యేసరికి కుర్చీలు నిండిపోయి, వినవచ్చినవారు చాలామంది వాకిట్లోనే నిలిచిపోయారు. తీరా చూస్తే, తమ ఉద్యోగులకు చోటు పట్టి ఉంచడానికి కొందరికి డబ్బిచ్చి ముందుగా వరసలో నిలబెట్టామని కంపెనీవారే ఒప్పుకున్నారు. రద్దీ గురించి వాదించడానికి వచ్చి రద్దీ సృష్టించడమంటే ఇదే!

ఆ మార్చి నెలాఖరుకు కంపెనీ దిగివచ్చింది. ఏడాది చివరికల్లా కొత్త పద్ధతి పెడతామని ప్రకటించింది: ఒక పేట తీగ నిజంగా కిక్కిరిసినప్పుడు మాత్రమే, అంతకుముందు కొద్ది నిమిషాలుగా ఎక్కువ వాడుతున్నవారిని కాసేపు వెనక్కి నెట్టడం, వారు పంపేది పాటా, బైబిలా, బిట్‌టొరెంటా అని చూడకపోవడం. చూశారా, బిందెలు లెక్కపెట్టడం చేతకాని పనేమీ కాదు. ఆగస్టు 1న కమిషను ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా కంపెనీది తప్పని తేల్చింది. జరిమానా వేయలేదు. చేసినదేమిటో బయటపెట్టి, ఆ ఏడాది చివరికల్లా మానమన్నది. అధ్యక్షుడు కెవిన్ మార్టిన్ కూడా ఈ వ్యవహారాన్ని తపాలాతోనే పోల్చారు.

కంపెనీ కోర్టుకెక్కింది. 2010 ఏప్రిల్ 6న వాషింగ్టన్ అప్పీలు న్యాయస్థానం కమిషను ఉత్తర్వును కొట్టివేసింది. కంపెనీ చేసినది ఒప్పని మాత్రం అనలేదు. ఇందులో కలగజేసుకోవడానికి కమిషనుకు చట్టం ఇచ్చిన అధికారం ఏదో చూపలేదన్నది. అప్పటినుంచీ అక్కడ నిబంధనలు ఉయ్యాల ఊగుతూనే ఉన్నాయి. 2015లో గట్టివి పెట్టారు, 2017లో తీసేశారు, 2024లో మళ్ళీ పెట్టారు, 2025 జనవరిలో మరో అప్పీలు కోర్టు చెల్లవంది. ఇక ఖాతాదారులు వేసిన దావా 2009 చివర రాజీకి వచ్చింది. మొత్తం 1 కోటి 60 లక్షల డాలర్లు. మనిషికి దక్కేది మహా అయితే 16 డాలర్లు. పాత పాటల రికార్డులు ఒకటో రెండో కొనుక్కోవచ్చు.

మన దేశంలో ఏమిటి సంగతి? ఫలానా సైటుకు ఒక ధర, ఇంకొకదానికి ఇంకొక ధర పనికిరాదని 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ శాసించింది. లోపలి సరుకును బట్టి ఆపడం, నెమ్మది చేయడం కూడదన్న సూత్రాన్ని 2018 జులైలో కేంద్ర ప్రభుత్వం ఆమోదించింది. రద్దీ వచ్చినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు గాని అది కొద్దికాలమే ఉండాలి, అందరికీ తెలిసేటట్టు ఉండాలి. నెలకు ఇంత అని ముందే చెప్పి, ఆ కోటా దాటితే వేగం తగ్గించడం దీనికి విరుద్ధం కాదు. బిందెల లెక్క అది. చాలా ఇళ్ళలో నెలాఖరుకు సీరియలు తెరమీద గుండ్రంగా తిరుగుతూ ఉండిపోవడానికి సాధారణంగా కారణం ఇదే.

నాకూ ఆ అనుభవం కలిగింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే గ్రంథాలయంలో మన పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కాను చేసి పెట్టారు. వాటిని టొరెంటు ద్వారా కూడా దించుకునే ఏర్పాటు ఉంది. ఒక రాత్రి పాత పత్రికల సంపుటాలు దించుకుంటూంటే సగంలో నత్తనడక పట్టింది. కోటా అయిందా, లేక నేను వాడిన పద్ధతి ఎవరికైనా గిట్టలేదా? మా ఆవిడ “పాత కాగితాల కోసం ఇంత రాత్రివేళ జాగారమా?” అని దీపం ఆర్పేసింది.

పొద్దున్నే కేబుల్ ఆఫీసుకు ఫోను చేశాను.

“లిమిట్ అయిపోయింది సార్. ఒకటో తారీఖు దాకా ఇంతే” అన్నాడు కుర్రవాడు.

“కోటా సంగతేనా నాయనా, లేక టొరెంటు చూసి మీరే నెమ్మది చేశారా?”

“మాకవన్నీ తెలియవు సార్. అంతా పైనుంచే వస్తుంది.”

“పైనుంచి అంటే ఎక్కడినుంచి?” అని అడగబోయాను. లైను తెగిపోయింది. తెంపింది ఆ కుర్రవాడే అనుకుంటాను.