గేర్ల సైకిలు వెనుక చక్రం బిగువుగా ఉందా?

హనుమకొండ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి పోయే దారిలో రేగొండ వస్తుంది. కొడవటంచ నరసింహస్వామి గుడి, ఆదిమానవులు రంగులతో బొమ్మలు వేసిన పాండవుల గుట్టలు ఈ మండలంలోనివే. ఇటువంటి ఊళ్ళలో సైకిలుకు పని ఎక్కువ. అబ్బాయి బడికి, నాయన పొలానికి, అమ్మ చెప్పిన సామాను తేవడానికి అదే దిక్కు. ఆ ఇళ్ళకు ఇప్పుడు గేర్ల సైకిళ్ళు కూడా వస్తున్నాయి. ముచ్చటైన విషయమే. కాని దాని వెనుక చక్రం సంగతి పాత సైకిలుకు భిన్నమని ఇంటి పెద్దలు తెలుసుకోవాలి.

1949లో మద్రాసులో మొదలైన టి.ఐ. వారివి కానివ్వండి, 1951లో సోనీపట్‌లో పుట్టిన అట్లాస్ కానివ్వండి, 1956లో లూధియానాలో వెలసిన హీరో కానివ్వండి, మనకు అలవాటైన నల్ల సైకిలు వెనుక హబ్బుకు మరచుట్లు ఉంటాయి. ఫ్రీవీలును ఆ మరమీద తిప్పి ఎక్కిస్తారు. పెడలు తొక్కినప్పుడల్లా చైను దాన్ని బిగిసే వైపుకే లాగుతుంది. మెకానిక్కు చేత్తో బిగించి వదిలినా, ఊరి పొలిమేర దాటేలోగా తొక్కేవాడి కాళ్ళే మిగతా పని పూర్తిచేస్తాయి. ఇన్నేళ్ళూ ఆ బిగింపు గురించి మనకు బెంగ లేకపోవడానికి కారణం ఇదే.

క్యాసెట్టు తీరు వేరు. ఈ పేరు వినగానే పాటల టేపు గుర్తుకు వస్తుందేమో! ఇక్కడ క్యాసెట్టు అంటే చిన్నా పెద్దా పళ్ళచక్రాల దొంతర. జపాను కంపెనీ షిమానో 1978లో తెచ్చిన ఫ్రీహబ్బుతో ఈ పద్ధతి లోకమంతా పాకింది. చక్రం వదిలేస్తే టికటికమనే భాగం ఇందులో హబ్బుకే అతికి ఉంటుంది. దాని ఒంటిమీద నిలువుగా గాళ్ళు ఉంటాయి. పళ్ళచక్రాలు వాటిలోకి జారి కూర్చుంటాయి. పక్కకు జారిపోకుండా పట్టి ఉంచేది చివరన బిగించే ఒక్క లాక్‌రింగు మాత్రమే. తొక్కినంత మాత్రాన అది బిగియదు.

గేర్లున్న ప్రతి సైకిలుకూ క్యాసెట్టే ఉంటుందనుకోకండి. చవక గేర్ల సైకిళ్ళలో మరమీద ఎక్కే ఫ్రీవీళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. చక్రం ఊడదీసి పళ్ళను వెనక్కి తిప్పి చూడండి. పరికరం పట్టే నడిమి గాట్లు పళ్ళతోపాటు తిరిగితే క్యాసెట్టు. కదలకుండా నిలబడితే ఫ్రీవీలు.

ఇక బిగించే విధానం. ముందు ఫ్రీహబ్బు మీది మట్టి, పాత జిడ్డు గుడ్డతో తుడిచి, పలచగా గ్రీజు పూయాలి. గాళ్ళలో ఒకదాని వెడల్పు మిగిలినవాటికంటే వేరుగా ఉంటుంది. ఆ గుర్తు కలిస్తేనే పళ్ళచక్రం లోపలికి జారుతుంది. కలవకపోతే సుత్తితో కొట్టవద్దు. పెద్దది మొదట, చిన్నది చివర. పళ్ళ సంఖ్య చెక్కిన వైపు బయటికి ఉండాలి. నడుమ ఉండే పలచని రింగులు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో తిరిగి పడాలి.

లాక్‌రింగును మొదటి రెండు మూడు చుట్లు చేత్తోనే తిప్పండి. మర వంకరగా పడితే అప్పుడే తెలిసిపోతుంది. తరువాత దానికి తగిన పరికరంతో బిగించాలి. చాలా లాక్‌రింగుల మీద 40 న్యూటన్ మీటర్లు అని చెక్కి ఉంటుంది. అంటే 25 సెంటీమీటర్ల పిడి కొసన సుమారు 16 కిలోల బరువు మోపినంత బలం. చివరలో కటకటమని చప్పుడైతే భయపడకండి. లాక్‌రింగు అడుగున ఉన్న సన్నని గాట్లు పట్టు పడుతున్నాయన్నమాట.

ఇప్పుడు ఒక్కొక్క పళ్ళచక్రాన్నీ వేళ్ళతో పట్టి ఆడించి చూడండి. లాక్‌రింగు బిగిసినా చక్రాలు లొడలొడమంటుంటే నడుమ రింగేదో తప్పిపోయి ఉండాలి. ఏడు గేర్ల క్యాసెట్టును ఎనిమిది, తొమ్మిది గేర్ల హబ్బుకు ఎక్కించినప్పుడు వెనుక 4.5 మిల్లీమీటర్ల రింగు వేయకపోతే ఇలాగే అవుతుంది. వదులుగా ఉన్న పళ్ళు హబ్బు గాళ్ళను కొరికేస్తాయి, గేరు ఒక చోట నిలవదు. లాక్‌రింగు పూర్తిగా ఊడితే చిన్న పళ్ళచక్రం పక్కకు జారి, చైను ఇరుక్కుని, పిల్లవాడు నడిరోడ్డున బోర్లా పడవచ్చు.

షాపులో తగిన పరికరం లేకపోతే ఉలి, సుత్తి పెట్టి బిగించనివ్వకండి. అలా కొడితే లాక్‌రింగు గాట్లు చెడతాయి, బిగువూ కుదరదు. ఆ పరికరం ఖరీదు కొద్ది వందల రూపాయలే. నాలుగిళ్ళవారు కలిసి ఒకటి కొని మీ ఊరి మెకానిక్కు దగ్గర ఉంచితే, రేగొండ బడికి వచ్చే పిల్లలందరికీ పనికివస్తుంది.