లోహము మాగుట: అల్యూమినియము-లిథియము మిశ్రమముల కాలపరిణామము

కొల్లాపురపు మామిడితోటలుగల నాగర్‌కర్నూలు సీమయందును, పొరుగున వనపర్తి, గద్వాల ప్రాంతములందును కాయను గడ్డిలో పెట్టి మాగవేయుట ఎల్లరెరిగినదే. బయటినుండి ఏమియు చేర్పరు. వెచ్చదనము, కాలము, ఈ రెండే లోపలి గుణమును మార్చును. లోహశాస్త్రమున ‘ఏజింగ్’ అనబడు మార్పును ‘వార్ధక్యము’ అనుటకంటె ‘మాగుట’ అనుటయే యుక్తమని నా అభిప్రాయము. వార్ధక్యము బలమును హరించును. ఈ మార్పు బలము నిచ్చును. చల్లార్చి ఊరక ఉంచిన అల్యూమినియము మిశ్రమము తనంత తానే గట్టిపడుటను జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ 1906లో గుర్తించెను.

లిథియము లోహములన్నిటిలో తేలికైనది. బరువున నూటికొక పాలు కలిపినచో అల్యూమినియపు సాంద్రత రమారమి 3 శాతము తగ్గును. స్థితిస్థాపకత 6 శాతము పెరుగును. విమాననిర్మాతల కింతకంటె ఏమి కావలయును? హైదరాబాదునందలి రక్షణ లోహశాస్త్ర పరిశోధనాలయము వీనిపై కృషి చేసినది. అచ్చట పనిచేసిన ఎన్. ఈశ్వరప్రసాద్ సహసంపాదకుడుగా 2014లో ఒక బృహద్గ్రంథము వెలువడినది.

ఈ మిశ్రమమును 500 డిగ్రీలకు మించి కాచి నీట ముంచినచో లిథియము కరగిన స్థితియందే నిలుచును. పిదప 170 డిగ్రీల ప్రాంతమున మాగవేయగా, మూడు అల్యూమినియము పరమాణువుల కొక లిథియము పరమాణువు చొప్పున కూడి ‘డెల్టా ప్రైమ్’ అను సూక్ష్మగోళము లేర్పడును. బలమునకు ముఖ్యాధారము లివియే. అయితే పని అంతటితో ముగియదు. ఉష్ణోగ్రత తగ్గినకొలది లిథియము కరగియుండగల పరిమితియు తగ్గును. కావున 60 మొదలు 100 డిగ్రీలలో వేలకొలది గంటలుంచినచో, మిగిలిన లిథియము పెద్దగోళముల నడుమ మరింత సన్ననివానిని పుట్టించును. ఎండలో నిలిచిన విమానపు పైరేకు గాలికంటె మిక్కిలి కాగునని తలచినచో ఇది ప్రయోగశాలకే పరిమితమైన మాట కాదు.

ఇచ్చట రెండు పదములను వేరుపరుపవలెను. ‘బలము’ భారమునకు వంగకుండుట. ‘భంగసహనము’ పగులు పాకకుండ ఓర్చుకొనుట. రెంటిని ‘గట్టిదనము’ అనినచో విద్యార్థికి చిక్కే. ఏలయన, 8090 వంటి మిశ్రమమున ఈ దీర్ఘకాలపు మాగుడువలన బలము పెరుగును, భంగసహనము తగ్గును. స్ఫటికమునందలి స్థానభ్రంశము ఒక గోళమును కోసినచో, తరువాతివానికి ఆ తలమే సులువైన బాటయగును. విరూపణమంతయు అచ్చటనే గుమిగూడి రేణువుల సరిహద్దులపై ఒత్తిడి తెచ్చును. లిథియము ఆ సరిహద్దులకు చేరుటయే కారణమని మరికొందరి వాదము.

200 డిగ్రీలకు పైగా కొలది నిమిషములు కాచినచో సన్నగోళములు కరగి భంగసహనము మరలివచ్చును. మాగిన పండు మరల పచ్చికాయ కాజాలదు. నా ఉపమానమున కిదియే హద్దు. ఈ చికిత్సయు శాశ్వతము కాదు. వెచ్చదనమున మరల ఆ కణములే పుట్టును. అందుచే తరువాతి తరమువారు లిథియమును 2 శాతమునకు లోపు చేసి, రాగితో కూడిన పలుచని పలకలవంటి కణములపై ఆధారపడిరి. 1998లో అమెరికా అంతరిక్షనౌకకు అమర్చిన తేలికపాటి ఇంధనతొట్టి అట్టి 2195 మిశ్రమముతో చేసినదే.